పాత కాగితం, పదిముఖాల పాచిక

భయానక కథల అమెరికన్ రచయిత హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ రాసిన ‘ద కాల్ ఆఫ్ క్తుల్హూ’ కథ మలుపు తిరిగేది ఏ మంత్రగ్రంథం వల్లా కాదు, ఒక చిత్తుకాగితం వల్ల. కథ చెప్పే థర్స్టన్ తెలిసినాయన చూసుకునే ఒక మ్యూజియానికి వెళ్తాడు. వెనక గదిలో రాళ్లు పేర్చిన అర మీద పరిచిన పాత సిడ్నీ పత్రిక అతని కంటబడుతుంది. అందులో ఒక ఓడ గురించిన వార్త ఉంటుంది. చనిపోయిన ప్రొఫెసర్ తాతగారి కాగితాలు, ఒక కుర్ర శిల్పి కలలు, లూసియానా చిత్తడి అడవిలో 1907లో ఒక పోలీసు ఇన్‌స్పెక్టర్ చూసిన పూజ అప్పటిదాకా దేనికది విడిగా ఉంటాయి. ఆ ఒక్క ముక్కతో అన్నీ అతుక్కుంటాయి. అవి అతుక్కోవడమే థర్స్టన్ కొంప ముంచుతుంది.

ఆదివారాలు అబిడ్స్‌లో మూసిన షట్టర్ల ముందు పాత పుస్తకాలు తిరగేసే అలవాటున్నవాళ్లకి ఈ కథ పద్ధతి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ వెతికింది దొరకదు, వెతకనిది దొరుకుతుంది. ఎంసెట్ గైడ్ల కింద ఎవరిదో సంతకం ఉన్న 1950ల నాటి పుస్తకం, అందులో మడతపెట్టిన ఉత్తరం. అక్కణ్ణుంచి నడుచుకుంటూ నాంపల్లి వైపు వెళ్తే పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్ర మ్యూజియం, అందులో అద్దాల పెట్టెలో ఈజిప్టు నుంచి వచ్చిన ఒక మమ్మీ. పాత కాగితాల బజారూ మ్యూజియమూ ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఊరు లవ్‌క్రాఫ్ట్‌కి దొరికుంటే తన కథల్లో బోస్టన్‌ని వదిలేసి ఉండేవాడేమో. అయితే ఆయనకి మనవాళ్లంటే పడదు. ఆ సంగతి తర్వాత.

ఈ కథ 1928 ఫిబ్రవరిలో ‘వియర్డ్ టేల్స్’ పత్రికలో అచ్చయింది. 1937లో చనిపోయేనాటికి లవ్‌క్రాఫ్ట్ పేరు ఆ పత్రిక పాఠకుల్ని దాటి పెద్దగా వెళ్లలేదు. 1981లో అమెరికాలో కేయోసియం సంస్థ శాండీ పీటర్సన్ చేత అదే కథ పేరుతో ఒక ఆట రాయించింది. బోర్డు మీద పావులు జరిపే ఆట కాదిది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు కీపర్, అంటే కథ నడిపించేవారు. మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో మనిషిగా మాట్లాడతారు: ప్రొఫెసర్, విలేఖరి, డాక్టర్. ఏం చేస్తారో నోటితో చెప్తారు. అది కుదిరిందో లేదో పాచికలు తేలుస్తాయి. 1974లో వచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఈ తరహా ఆటకి దారి వేసింది. కానీ అందులో ఆటగాడు కత్తి పట్టిన వీరుడు, రోజురోజుకీ బలపడతాడు. పీటర్సన్ ఆటలో అతను అద్దాలు తుడుచుకుంటూ కాగితాలు చదివే మనిషి, రోజురోజుకీ బలహీనపడతాడు.

కథనీ ఆటనీ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ముందు కనబడే తేడా ఆ చిత్తుకాగితం దగ్గరే. కథలో పత్రిక థర్స్టన్ కంటబడి తీరుతుంది, ఎందుకంటే లవ్‌క్రాఫ్ట్ దాన్ని అక్కడ పరిచాడు. కాకతాళీయం అని పాఠకుడు ఒప్పుకుంటాడు, రచయిత మాత్రం ఏదీ కాకతాళీయానికి వదలడు. ఆటలో అలా కాదు. లైబ్రరీలో వెతికే నేర్పు మీకు 40 ఉంటే, రెండు పదిముఖాల పాచికల్ని పదులు, ఒకట్లుగా కలిపి చదివితే 40 గానీ అంతకు తక్కువ గానీ పడాలి. 41 పడితే ఆ కాగితం అర మీదే ఉండిపోతుంది. కథ కూడా అక్కడే ఉండిపోతుంది. ఈ చిక్కుతో ఎన్నో బల్లల దగ్గర ఆట నీరసపడిపోయింది. 2008లో కెన్నెత్ హైట్ రాసిన ‘ట్రైల్ ఆఫ్ క్తుల్హూ’ దీనికి మందు వేసింది: సరైన చోట సరైన నేర్పున్నవాడు వెతికితే ఆధారం దొరకాల్సిందే, పాచిక అక్కర్లేదు. మంచి సవరణే. కానీ దొరక్కపోవచ్చన్న గుబులు దాంతో కొంత పోయింది. ఫుట్‌పాత్ మీద పుస్తకం ఎత్తి చూసే ముందు ఉండే ఆ గుబులు లేకపోతే వెతుకులాటలో రుచేముంది? పాత నియమం ఆటని చెడగొట్టినా లవ్‌క్రాఫ్ట్‌కి దగ్గరగా ఉందని నా అభిప్రాయం.

ఆట అసలు గొప్పదనం మరోచోట ఉంది. దాన్ని ఉత్త వినోదం కింద కొట్టిపారేసే సాహిత్య విమర్శకులు దాని నియమాలు చదవకుండానే కొట్టిపారేస్తున్నారని అనుకుంటాను.

ప్రతి ఆటగాడి కాగితం మీదా ‘శానిటీ’ అని ఒక అంకె ఉంటుంది, వందకి లోపు. శవాన్ని చూస్తే కొంత తగ్గుతుంది, చూడకూడనిదాన్ని చూస్తే ఇంకా తగ్గుతుంది. ఇంతవరకు ఎవరైనా ఊహించగలరు. దీని పక్కనే ఇంకో అంకె ఉంటుంది: ఈ విశ్వరహస్యాల గురించి మీకెంత తెలుసు అన్నది. అది పెరిగేకొద్దీ శానిటీకి ఉండే గరిష్ఠ పరిమితి 99 నుంచి అంత మేర దిగిపోతుంది. 30 పాళ్లు తెలుసుకున్నవాడి మనసు ఎంత కుదుటపడినా 69 దాటదు. చదివే ప్రతి పుస్తకమూ పైకప్పుని ఇంకొంచెం కిందికి దించుతుంది. మూడో నియమం ఇంకా గడుసుది. ఒక్క దెబ్బకి 5 పాయింట్లో అంతకన్నా ఎక్కువో పోతే, తెలివికి పాచిక వేయాలి. ఆ పాచిక గెలిస్తే పిచ్చెక్కుతుంది. ఓడితే ఏమీ కాదు, ఎందుకంటే చూసిందేమిటో మీకు అర్థం కాలేదు. తెలిసిన ముక్కల్ని ఒకదానితో ఒకటి కలపలేకపోవడమే మనసుకున్న భాగ్యం అన్నది థర్స్టన్ తన కథ మొదట్లోనే చెప్పే మాట. పీటర్సన్ ఆ ఆలోచనని వ్యాసంగా రాయలేదు, పాచికలో పెట్టాడు. సినిమాలు ఎన్నో ఏళ్లుగా టెంటకిల్స్‌తో చేయలేకపోయిన పని ఇది.

మన వైకుంఠపాళి గుర్తొస్తుంది ఇక్కడ. అందులో పాములకి రాక్షసుల పేర్లు, నిచ్చెనలకి సుగుణాల పేర్లు. పెద్ద పాము మింగి అడుగుకి వచ్చినవాడికి కూడా మళ్లీ గవ్వలు వేసే హక్కుంటుంది, పైన పరమపదం కదలకుండా కూర్చుని ఉంటుంది. పీటర్సన్ ఆటలోనూ చిన్నచిన్న నిచ్చెనలున్నాయి. కేసు తేల్చితే కొన్ని పాయింట్లు తిరిగొస్తాయి. కానీ పటంలో పై వరస గళ్లే ఒక్కొక్కటీ చెరిగిపోతుంటాయి. రెండు ఆటలూ పాచికతోనే సిద్ధాంతం చెప్తాయి, సిద్ధాంతాలే ఉత్తరం దక్షిణం.

ఆటకి వేసే నింద ఒకటుంది: భూతాలకి అంకెలిచ్చి భయాన్ని చంపేసిందని. నిజమే, కథలోని భయంకర దేవుడు క్తుల్హూకి కూడా బలం ఎంత, చావడానికి ఎన్ని దెబ్బలు కావాలి అన్న లెక్క పుస్తకంలో ఉంది. దాన్ని చూసినవాడికి పాచిక కలిసొచ్చినా 1 నుంచి 10, రాకపోతే 1 నుంచి 100 దాకా శానిటీ పోతుంది. కానీ కథలో మాత్రం ఏముంది? నావికుడు జొహాన్సెన్ తన ఓడని నేరుగా క్తుల్హూ తల మీదికి నడిపిస్తాడు, తల పగులుతుంది, మళ్లీ అతుక్కుంటుంది. ఆవిరి ఓడతో గుద్దగలిగిన దేవుడికి అంకెలెందుకుండకూడదు? ఈ ఒక్క విషయంలో నింద లవ్‌క్రాఫ్ట్‌కీ తగులుతుంది. ఆ సన్నివేశం ఆ కథలోకల్లా బలహీనమైనదని నా లెక్క.

ఆట నిజంగా పోగొట్టుకున్నది వేరు. లవ్‌క్రాఫ్ట్ కథ ఒంటరిగా చదువుకునేది, థర్స్టన్ కూడా ఒంటరి. పైగా ఈ కాగితాలు అతను పోయాక దొరికాయని కథ పైనే ఉంటుంది. ఆటలో పక్కన స్నేహితులుంటారు, ఒకడు జోకు వేస్తాడు, ఇంకొకడు మిర్చి బజ్జీ అందుకుంటాడు. విశ్వానికి మనిషి లెక్కలోకి రాడు అని వినిపిస్తున్న క్షణంలోనే నలుగురు మనుషులు మిమ్మల్ని లెక్కలో పెట్టుకుని ఉంటారు. భయం పలచబడక ఏమవుతుంది?

అసలు ఈ రకం భయం తెలుగు పాఠకుడికి ఎంత అంటుతుంది అన్నది అడగాల్సిన ప్రశ్న. లవ్‌క్రాఫ్ట్‌కి కోట్ల ఏళ్ల కాలం దానికదే భయంకరం. మనకి ఏ వ్రతానికి కూర్చున్నా పురోహితుడు శ్వేతవరాహ కల్పం నుంచి మొదలెట్టి, వైవస్వత మన్వంతరం మీదుగా, ఫలానా వారం ఫలానా తిథి దాకా వచ్చి, గోత్రమూ పేరూ చెప్పించి నీళ్లు వదిలిస్తాడు. 432 కోట్ల ఏళ్ల కల్పంలో మన ఇంటి పెద్ద ఎక్కడ కూర్చున్నాడో చిరునామా రాసిచ్చేశారన్నమాట. అర్జునుడు విశ్వరూపం చూసి వణికాడు, నిజమే. కానీ పాత రూపం చూపించమని అడిగే చనువు అతనికి ఉంది, చూపించేవాడూ ఉన్నాడు. క్తుల్హూని అలా అడగడానికి లేదు.

మన భయం వేరే చోట కాపురముంది. 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ సీరియల్‌గా వస్తున్నప్పుడు తెలుగిళ్లు వణికిన మాట వాస్తవం. ఆడుకునే పిల్ల మీద ప్రయోగం, దాని వెనక ఆస్తి వ్యవహారం. ఆ ప్రయోగం కన్నా దాన్ని చేయించిన మనిషే ఎక్కువ భయపెడతాడు. లవ్‌క్రాఫ్ట్ లోకంలో కీడు ఎవరూ చేయించరు, అది ఉంటుంది అంతే. యండమూరి లోకంలో కీడుకి తప్పకుండా ఒక మనిషి, ఒక కారణం, ఒక ఖర్చు ఉంటాయి. అయినా ఆయన ఒక తెలివైన పని చేశాడు. జరిగినదానికి క్షుద్రవిద్య పరంగా ఒక వివరణ, వైద్యం పరంగా ఒక వివరణ పక్కపక్కన నడిపించి, ఏది పట్టుకోవాలో పాఠకుడికే వదిలేశాడు.

ఇప్పుడు నాంపల్లికి వద్దాం. ఆటలో కథ మామూలుగా జరిగేది 1920లలో. ఆ కాలపు హైదరాబాద్‌లో దానికి కావలసినవాళ్లంతా ఉన్నారు. లవ్‌క్రాఫ్ట్ కల్పించిన మిస్కటానిక్ విశ్వవిద్యాలయం బదులు 1918లో పుట్టిన ఉస్మానియా, దానికోసం పుస్తకాలు ఉర్దూలోకి మార్చే దారుల్ తర్జుమా అనువాదకులు. 1914లో మొదలైన నిజాం పురావస్తు శాఖ, దాని అధిపతి గులాం యజ్దానీ. లైబ్రరీలో వెతకడానికి 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం. పారిపోవడానికి 1907 నాటి నాంపల్లి స్టేషన్.

లవ్‌క్రాఫ్ట్ ఈ మనుషుల్ని ఇలా చూడలేదు. ఆయన కథల్లో నల్లవాళ్లు, వలసొచ్చినవాళ్లు పూజలు చేసే గుంపుగానే వస్తారు. 1927లో అచ్చయిన ‘ద హారర్ ఎట్ రెడ్ హుక్’ చదివితే ఆ జుగుప్స దాచుకున్నది కూడా కాదని తెలుస్తుంది. క్తుల్హూ కథలో ఇండియా వాటా ఒక్క వార్తముక్క: 1925 మార్చి చివర్లో స్థానికులు అలజడిగా ఉన్నారని. ఎవరు, ఏ ఊళ్లో, ఎందుకు అన్నది కథకుడికి అనవసరం. కథకి ఉన్న ఈ గుడ్డితనాన్ని ఆట సరిచేయగలదు, బల్ల దగ్గర కూర్చున్నవాళ్లే ఆ ‘స్థానికులు’ అయినప్పుడు. విక్టర్ లవాల్ 2016లో ‘ద బ్యాలడ్ ఆఫ్ బ్లాక్ టామ్’ నవలికలో రెడ్ హుక్ కథని నల్లజాతి యువకుడి వైపు నుంచి తిరగరాసి చూపించాడు. ఆటలో అయితే నవలా రచయిత అక్కర్లేదు, ఆటగాడు పాత్ర పేరు మార్చుకుంటే చాలు.

ఇక ఆ మమ్మీ. పేరు నైషు, ఫారో కూతురని చెబుతారు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకి కొని ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కి ఇచ్చాడని, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చాడని చెప్తారు. హేజెల్ హీల్డ్ పేరు మీద లవ్‌క్రాఫ్ట్ రాసిపెట్టి, 1935లో అచ్చయిన ‘అవుట్ ఆఫ్ ద ఇయాన్స్’లో ఇలాంటిదే బోస్టన్ మ్యూజియంలో ఉంటుంది. పత్రికలు రాస్తాయి, జనం ఎగబడతారు, ఎవరెవరో దాని ముందు వింతగా ప్రవర్తిస్తారు. ఆ మమ్మీ కథ మొత్తంలో లేచి నడవదు. లోపల మెదడు ఇంకా బతికే ఉందని కోసి చూసినప్పుడు తెలుస్తుంది, అంతే. ఆట నియమాల పుస్తకంలో మమ్మీకి పిడిగుద్దులున్నాయి, దెబ్బకి ఎంత నష్టమో ఉంది. ఇక్కడ మాత్రం కథకే నా ఓటు. నాంపల్లిలో ఆట నడిపే కీపర్ నైషుని లేపకూడదు. లేస్తే ఎవడో తుపాకీ తీస్తాడు, అప్పుడది వేటగాళ్ల ఆట అయిపోతుంది.

తెలుగు బల్ల దగ్గర ఆటగాళ్లు మొదటి గంటలోనే అడిగే ప్రశ్న ఊహించవచ్చు: ఇదంతా ఎవరు చేయిస్తున్నారు? ఎవరూ లేరంటే వాళ్లకి ఆట మీద నమ్మకం పోతుంది. కాబట్టి ఒకణ్ణి పెట్టాల్సిందే, వెయ్యి పౌండ్ల బేరంలో దళారీనో, ఉద్యోగం దక్కని గుమస్తానో. అసూయ, అప్పు, అన్నీ రుజువయ్యే కాగితాలు ఆధారాలుగా చేతికివ్వాలి. వాళ్లు అతన్ని పట్టుకోవాలి, అతను ఒప్పుకోవాలి, జైలుకి పోవాలి. ఆ మర్నాడు మ్యూజియంలో కీపర్ మళ్లీ శానిటీ పాచిక వేయమనాలి.