గేటు పాసు రాసే చేతులు

విశాఖలో గేటు పాసు విలువ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. 1933లో తెరుచుకున్న ఓడరేవులోనైనా, ఉక్కు కర్మాగారంలోనైనా పాసు లేనిదే అడుగు లోపల పడదు. పాసున్నా అన్ని చోట్లకీ వెళ్లలేం. ఈ కట్టుబాటునే తీగల లోకంలో నిలబెట్టే పనివాళ్లు నెట్‌వర్క్ అడ్మిన్‌లు.

నెట్‌వర్క్‌లను కలిపే సిస్కో రౌటరులో అధికారానికి 0 నుంచి 15 దాకా పదహారు మెట్లు. 1లో ఉన్నవారు కొన్ని వివరాలు చూడొచ్చు, దేన్నీ మార్చలేరు. 15 చేతికొస్తే రౌటరు మొత్తం చేతికొచ్చినట్టే. మధ్య మెట్ల మీద ఏ ఆదేశాలు పెట్టాలో అడ్మినే తేల్చుకోవాలి. నేర్పంతా అక్కడే ఉంది. రాత్రి షిఫ్టు కుర్రాడు లింకు ఎందుకు పడిపోయిందో చూడగలగాలి, రూటింగ్ జోలికి మాత్రం పోకూడదు. అధికారం తక్కువిస్తే పని ఆగుతుంది. ఎక్కువిస్తే ఒక్క తప్పు ఆదేశంతో నెట్‌వర్క్ అంతా మూగబోతుంది.

మంచి అడ్మిన్ అందరికీ ఒకే పాస్‌వర్డ్ పంచడు. మనిషికో పేరు, పేరుకో మెట్టు. ప్రవేశ అనుమతులు చూసే టకాక్స్ ప్లస్ సర్వరులో ఎవరు, ఎప్పుడు, ఏ ఆదేశం ఇచ్చారో నమోదు చేయిస్తాడు. ఉద్యోగం మానేసినవారి ఖాతాను ఆ రోజే తీసేస్తాడు. ఇది తోటివారి మీద అనుమానం కాదు, శ్రద్ధ. తన హద్దు తెలిసినవాడు బెదురు లేకుండా పనిచేస్తాడు.

ఓడ క్షేమంగా బెర్తు చేరాక దాన్ని నడిపించి తెచ్చిన పైలట్‌ను ఎవరూ తలుచుకోరు. ఈ అడ్మిన్‌లూ అంతే. ఏమీ జరగని ప్రతి రాత్రీ వాళ్ల పనితనమే. ఆ చేతులకు నమస్కారం.