పైన పరుగు, అడుగున నడక

వానాకాలం వచ్చిందంటే పత్రికల నిండా క్యూసెక్కులే. ఆ అంకె ఎలా పుడుతుందో అడిగేవాళ్లు మాత్రం తక్కువ. ఈ వారం వినబడిన ఒక వాదన చిరాకు తెప్పించింది: వంతెనకు రాడార్ బిగిస్తే చాలు, ఇక నీటి వేగం కొలిచే కరెంట్ మీటరును నీళ్లలోకి దించే పనే లేదట. దిగితేగాని లోతు తెలియదన్న సామెతను ఈ కాలమ్ ఎప్పుడూ వదల్లేదు, ఇప్పుడూ వదలదు. రాడార్ చూసేది నీటి పైపొర వేగాన్ని. మనకు కావలసింది పైనుంచి అడుగుదాకా సగటు వేగం. ఈ రెంటినీ కలిపేది ఒక గణిత నమూనా. దాన్ని గట్టిగా పరీక్షించాకే నమ్మాలి.

లోతుకు పోయేకొద్దీ నీటి వేగం పెరుగుతుందని ఒకప్పుడు పండితులే నమ్మారు. తొట్టి అడుగున చిల్లు పెడితే నీరు మరింత జోరుగా చిమ్ముతుంది కదా, నదిలోనూ పై నీటి బరువు కింది నీటిని అలాగే తోస్తుందని వాళ్ల తర్కం. 1732లో ఫ్రెంచ్ ఇంజినీరు ఆన్రీ పిటో వంచిన గాజు గొట్టాన్ని సేన్ నదిలో దించి చూస్తే లోతున వేగం తగ్గింది. ఆ తగ్గుదలకు 20వ శతాబ్దంలో ప్రాంట్ల్, ఫాన్ కార్మాన్ లాగరిథమ్ సూత్రం ఇచ్చారు. అడుగు నుంచి ఎత్తు పది రెట్లయినప్పుడల్లా వేగం ఒకే మొత్తాన పెరుగుతుంది. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్లకు వచ్చేసరికి ఎంత పెరుగుతుందో, పది సెంటీమీటర్ల నుంచి మీటరుకు వచ్చేసరికీ అంతే.

నీటి కొలతల్లో సగటు వేగానికి వాడే మామూలు లెక్కలు ఈ సూత్రానికి సరిపోతాయి. మూడు మీటర్ల లోతున్న కాల్వ తీసుకుందాం. పైనుంచి 0.6 వంతు లోతున, అంటే 1.8 మీటర్ల దగ్గర, మీటరు గిన్నెలు తిరిగే వేగాన్నే సగటుగా తీసుకోవడం ఒక పద్ధతి. 0.6 మీటర్ల దగ్గరా 2.4 మీటర్ల దగ్గరా కొలిచి, రెంటి సగటు తీయడం రెండో పద్ధతి. లాగరిథమ్ సూత్రం నిజమైతే ఈ రెండూ అచ్చంగా ఒకే అంకె ఇవ్వాలి, ఎందుకంటే 0.2ను 0.8తో గుణించి వర్గమూలం తీస్తే 0.4, అడుగు నుంచి చూస్తే మొదటి పద్ధతి కొలిచే చోటు అదే. అలాంటప్పుడు రెండుసార్లు మీటరు దించడం దండగ కదా అంటారు. కాదు. రెండు పద్ధతుల అంకెలూ కలవకపోతే అక్కడ సూత్రం పనిచేయడం లేదని నీరే చెప్పినట్టు. ఆ సాక్ష్యం పైపొరను ఎంతసేపు చూసినా దొరకదు.

పైపొర వేగాన్ని 0.85తో గుణిస్తే సగటు వస్తుందన్న లెక్కా ఈ సూత్రంలోంచే తేలుతుంది. అయితే ఆ గుణకం అడుగు గరుకుదనాన్ని బట్టి మారుతుంది: గరుకైన చోట 0.8కి దిగుతుంది, నున్నగా ఉన్నచోట 0.9కి చేరుతుంది. పది లక్షల క్యూసెక్కుల వరదలో ఆ రెంటి మధ్య తేడా లక్షకు పైమాటే. వెడల్పు లోతుకు ఐదు రెట్ల కన్నా తక్కువున్న ఇరుకు కాల్వల్లో సుడుల వల్ల గరిష్ఠ వేగం పైపొర కింద ఉంటుంది, అక్కడ 0.85 అసలు వర్తించకపోవచ్చు. గుర్రపుడెక్క కమ్మేసిన డెల్టా కాల్వలోనైతే రాడార్‌కు నీళ్లే కనబడవు.

ఇంతవరకు చదివితే రాడార్ వద్దన్నట్టే ఉంది. నిజానికి ఈ వాదన చేరేది అక్కడికి కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. చెట్లకు చెట్లు కొట్టుకొచ్చే అలాంటి ఉరవడిలోకి పడవ పంపి, మీటరు దించమనడం మనుషుల ప్రాణాలతో ఆటే. లెక్క అత్యవసరమైన ఆ గంటల్లో రాడారే దిక్కు. కనుక రాడార్ పెట్టాల్సిందే. దానికిచ్చే గుణకాన్ని మాత్రం పుస్తకంలోంచి తీయకూడదు. పడవ వెళ్లగల రోజుల్లో, అదే వంతెన దగ్గర, వేర్వేరు నీటిమట్టాల్లో మీటరు దించి సంపాదించాలి. వరద ముగిశాక అడుగు ఇసుక మారి ఉంటుంది కాబట్టి మళ్లీ కొలవాలి. రాడార్ వచ్చిందని మీటరు సిబ్బందిని తగ్గించడం తప్పు. రాడార్ వచ్చాకే వాళ్ల పని పెరుగుతుంది. క్యూసెక్కుల పక్కన ఏ గుణకం వాడారో, దాన్ని చివరిసారి ఎప్పుడు సరిచూశారో కూడా ప్రకటిస్తే, ఆ అంకెను ఎంతవరకు నమ్మాలో లంక గ్రామాల వాళ్లే తేల్చుకుంటారు.