లూపులన్నీ ఒకే కొలతైతే

బ్రయన్ ఈనో 1978 ఆల్బమ్ 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్'లో రెండో ట్రాక్ '2/1' వినండి. ఒక్కో టేప్ లూప్‌లో గొంతు పలికే ఒక్కటే స్వరం. ఒక లూప్ దాదాపు 23.5 సెకన్లు, ఇంకోటి 26, మరోటి 30. పొడవులు కుదరవు కాబట్టి స్వరాలు ఒకసారి గుమిగూడతాయి, ఇంకోసారి ఒక్కటే మిగులుతుంది, మధ్యలో ఖాళీ.

ఇంట్లో లాప్‌టాప్ మీద సరదాగా యాంబియెంట్ చేసేవాళ్ల ట్రాకులు చాలావరకు రెండో నిమిషానికే చప్పబడిపోతాయి. సాఫ్ట్‌వేర్ గ్రిడ్ లూపులన్నిటినీ నాలుగేసి బార్లకు సర్దేస్తుంది. అన్నీ ఒకేసారి మొదలై ఒకేసారి ముగుస్తాయి. ఆ లోటు మీద రివర్బ్ కప్పుతారు. (వినడానికి బాగానే ఉంటుంది, చిక్కంతా అదే.) గ్రిడ్ ఆపేసి, పొడవులు చెవితో తేల్చుకోవచ్చు కదా?

ఈనో కూడా లూపుల్ని వాటి మానాన వదిలేయలేదు. ఇంకా ఎంతసేపైనా తిరగగలిగేవాటిని తొమ్మిది నిమిషాల లోపే ఆపేశాడు.