ఊపిరికి దారి వేసే గొట్టాలు, మాస్కులు

మత్తు ఇచ్చినా, తలకు దెబ్బ తగిలి స్పృహ పోయినా మనిషి గొంతులోని కండరాలు పట్టు వదిలేస్తాయి. వెల్లకిలా పడుకున్న రోగికి నాలుక మొదలు వెనక్కి జారుతుంది. మెత్తని అంగిలి, ఉపజిహ్విక కూడా గొంతు వెనుక గోడకు చేరువై గాలి దారిని మూసేస్తాయి. పొరపాటున ఏదైనా గాలి గొట్టంలోకి పోతే వచ్చే దగ్గు కూడా అప్పుడు రాదు. కడుపులోని ఆమ్లం పైకి తన్నితే నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగే ప్రమాదం ఉంటుంది. అందుకే కృత్రిమ శ్వాసమార్గ పరికరం తయారుచేసేవారు నాలుగు పనులు చూసుకోవాలి. దారి తెరిచి ఉంచాలి. పంపిన గాలి పక్కలకు కారకూడదు. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. లోపలి సున్నితమైన పొర దెబ్బతినకూడదు. ఈ నాలుగింటికీ ఒకదానితో ఒకదానికి పొసగదు. ఒకటి బిగిస్తే ఇంకొకటి సడలుతుంది.

వీటిలో సులువైనది నోటిలో పెట్టే వంపు గొట్టం. అమెరికన్ మత్తు వైద్యుడు ఆర్థర్ గీడెల్ 1933లో ప్రవేశపెట్టిన నమూనాయే నేటికీ ఆయన పేరుతో వాడుకలో ఉంది. పెదవుల దగ్గర ఆగే అంచు, పళ్లు కొరికినా నలగని గట్టి భాగం, నాలుకను ఎత్తిపట్టే వంపు, మధ్యలో గాలి దారి: ఇంతే దాని నిర్మాణం. నోటి మూల నుంచి దవడ కోణం దాకా కొలిచి సైజు ఎంచుకుంటారు. ఇది దారి తెరుస్తుందే కాని, గాలి కారకుండా ఆపలేదు, కడుపులోంచి వచ్చేదాన్నీ అడ్డుకోలేదు. కొంచెం స్పృహ ఉన్నవారికి పెడితే డోకు వస్తుంది.

ఆ లోటు తీర్చేది నేరుగా శ్వాసనాళంలోకి దింపే ఎండోట్రాకియల్ ట్యూబ్. 1878లో గ్లాస్గోలో విలియం మెకీవెన్ అనే సర్జన్ నోటి లోపలి గడ్డ తీసే ఆపరేషన్ కోసం వేళ్లతో తడుముతూ గొట్టాన్ని స్వరపేటిక గుండా దింపి, దానిలోంచి క్లోరోఫాం ఇప్పించాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండ్‌లోని సిడ్‌కప్ ఆసుపత్రిలో ముఖం ఛిద్రమైన సైనికులకు హెరాల్డ్ గిలీస్ ప్లాస్టిక్ సర్జరీ చేసేవాడు. కోత పెట్టాల్సిన ముఖం మీదే మత్తు మాస్కు పెట్టడం కుదరలేదు. ఆ ఇబ్బందే ఐవన్ మగిల్, స్టాన్లీ రోబోతమ్‌ల చేత రబ్బరు గొట్టాల పద్ధతిని అభివృద్ధి చేయించింది. గొంతులో సాఫీగా దిగడానికి పనికొచ్చే గొట్టపు వంపును ఇప్పటికీ మగిల్ వంపు అనే అంటారు.

గొట్టానికీ శ్వాసనాళపు గోడకూ మధ్య ఖాళీని మూయడానికి గీడెల్, రాల్ఫ్ వాటర్స్ 1928లో గాలితో ఉబ్బే కఫ్‌ను వర్ణించారు. అది ఎంత గట్టిగా మూస్తుందో చూపడానికి గీడెల్ తన కుక్కకు మత్తిచ్చి, కఫ్ ఉన్న గొట్టం పెట్టి, నీళ్లలో ముంచి ఉంచాడు. ఊపిరితిత్తుల్లోకి చుక్క నీరు పోలేదు, కుక్క మామూలుగా లేచింది. 1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో విజృంభించినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ సలహాతో గొంతుకు రంధ్రం చేసి కఫ్ ఉన్న గొట్టాలు పెట్టారు. వైద్య విద్యార్థులు వంతులవారీగా చేత్తో సంచి నొక్కుతూ రోగులకు ఊపిరి అందించారు. నేటి ఇంటెన్సివ్ కేర్‌కు అది తొలి మెట్టు.

అయితే కఫ్ కూడా హాని చేయగలదు. పాత ఎర్ర రబ్బరు కఫ్ చిన్నది. గాలి ఆపాలంటే దాన్ని బాగా ఉబ్బించాల్సి వచ్చేది. ఆ ఒత్తిడికి శ్వాసనాళపు పొరలో రక్తం ఆడక పుండ్లు పడి, మానాక దారి ఇరుకయ్యేది. అందుకని ఇప్పుడు పల్చటి ప్లాస్టిక్‌తో పెద్ద కఫ్ చేస్తారు. అది ఎక్కువ మేర గోడకు ఆనుకుంటుంది కాబట్టి తక్కువ ఒత్తిడితోనే మూసేస్తుంది. ఒత్తిడి 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి మట్టం మధ్య ఉంచాలి. కఫ్‌కు కలిపి బయట వేలాడే చిన్న బెలూన్‌ను వేళ్లతో నొక్కి అంచనా వేయడం నమ్మదగిన పద్ధతి కాదు, మీటరుతో కొలవాల్సిందే. గొట్టం కొస మూసుకుపోయినా గాలి ఆడేలా పక్కన ఉండే రంధ్రాన్ని మర్ఫీ ఐ అంటారు. ఏ కంపెనీ గొట్టమైనా ఏ శ్వాస సర్క్యూట్‌కైనా అమరేలా పైన 15 మిల్లీమీటర్ల కనెక్టర్ ఉంటుంది.

ట్యూబ్ దింపడానికి నైపుణ్యం కావాలి, స్వరపేటికను చూపే లారింగోస్కోప్ కావాలి. ముఖంపై మాస్కు పట్టుకుంటే చెయ్యి ఖాళీ ఉండదు. ఈ రెంటి మధ్య దారిని వెతికినవాడు బ్రిటిష్ మత్తు వైద్యుడు ఆర్చీ బ్రెయిన్. పళ్ల చికిత్సలో ముక్కు చుట్టూ ఆనే గోల్డ్‌మన్ మాస్కును చూసి, అలాంటి అంచునే లోపల స్వరపేటిక ద్వారం చుట్టూ ఆనిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. శవాల గొంతుల్లో ప్లాస్టర్ పోసి అచ్చులు తీసి ఆకారం గ్రహించాడు. గోల్డ్‌మన్ మాస్కు అంచును ఏటవాలుగా కోసిన ట్యూబ్ కొసకు అతికించి తొలి నమూనా చేశాడు. 1981లో రోగులపై ప్రయత్నించి, 1983లో పరిశోధన పత్రం ప్రచురించాడు. 1988లో అది లారింజియల్ మాస్కు పేరుతో బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది.

ఈ మాస్కు కొస అన్నవాహిక మొదట్లో ఆగుతుంది, పక్కలు స్వరపేటికకు ఇరువైపులా ఉండే గుంతల్లో అమరుతాయి, పై అంచు నాలుక మొదలుకు తగులుతుంది. గాలి తీసిన మాస్కును వేలితో గట్టి అంగిలికి అదిమిపెట్టి, ముద్ద మింగినప్పుడు అది జారే దారినే లోపలికి నెడతారు. సైజు బరువును బట్టి: 30 నుంచి 50 కిలోల వారికి 3వ నంబరు, 50 నుంచి 70 కిలోలకు 4వది, ఆపైన 5వది. కఫ్ ఒత్తిడి 60 సెంటీమీటర్ల నీటి మట్టం దాటకూడదు. ఎక్కువ ఉబ్బిస్తే గట్టిగా మూస్తుందనుకోవడం పొరపాటు. అంచు బిగుసుకుని గాలి ఇంకా కారుతుంది, నరాలు నొక్కుకుంటాయి.

తొలి మాస్కు సుమారు 20 సెంటీమీటర్ల ఒత్తిడి దాకానే గాలిని ఆపగలిగేది. కడుపులోదాన్ని ఆపడం దాని వల్ల అయ్యేది కాదు. 2000లో వచ్చిన ప్రోసీల్‌లో గాలి గొట్టం పక్కన మరో సన్న గొట్టాన్ని చేర్చారు. అది అన్నవాహిక మొదట్లో తెరుచుకుని, పైకి తన్నిన ద్రవాన్ని బయటికి పంపుతుంది. మూసే శక్తి కూడా పెరిగింది. 2007లో బ్రిటన్‌లో వచ్చిన ఐ-జెల్‌కు ఉబ్బించే కఫే లేదు. గొంతు ఆకారంలో పోతపోసిన మెత్తటి జెల్ లాంటి పదార్థమే అక్కడ ఇమిడిపోతుంది. ఉబ్బించే పని లేదు కాబట్టి అత్యవసర సమయంలో త్వరగా పెట్టవచ్చు. శ్వాసనాళంలోకి ట్యూబ్ దింపడం (ఇంట్యుబేషన్) విఫలమైతే ఇలాంటి మాస్కు పెట్టి ఆక్సిజన్ అందించాలని మన దేశపు ఆల్ ఇండియా డిఫికల్ట్ ఎయిర్‌వే అసోసియేషన్ 2016 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

అయినా కడుపు నిండా తిన్న రోగికి, ఊపిరితిత్తులు బిగుసుకుని ఎక్కువ ఒత్తిడి కావాల్సిన రోగికి కఫ్ ఉన్న ట్యూబే మేలు. పరికరం ఏదైనా అది సరైన చోటనే ఉందని తేల్చేది బయటికి వచ్చే గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను చూపించే కాప్నోగ్రాఫ్. ఎంత బాగా రూపొందించిన గొట్టమైనా, మాస్కైనా మానిటర్‌పై ఆ గీత కనిపించేదాకా దాన్ని నమ్మకూడదు.