మిట్టల దారిలో సైకిలు

బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో తారురోడ్డు ఎక్కే కనుమల్లోకెల్లా ఎత్తైనది గాస్పెల్ పాస్. దాని ఎత్తు 549 మీటర్లు. మన మదనపల్లె ఊరే దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. వేల్స్‌లో అన్నిటికన్నా పెద్ద కొండ స్నోడన్ 1,085 మీటర్లయితే, మదనపల్లె పక్కనున్న హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. అయినా సైకిలు యాత్రికులు ఎక్కడెక్కడి నుంచో వేల్స్‌కు వెళ్తారు. హోలీహెడ్ రేవు నుంచి కార్డిఫ్ దాకా సుమారు 400 కిలోమీటర్ల ‘లోన్ లాస్ కమ్రీ’ దారిని తొక్కి, జీవితాంతం చెప్పుకుంటారు. ఎక్కడం, దిగడం, ఊపిరి తీసుకునేలోపు మళ్లీ ఎక్కడం: ఆ దారి పరీక్షంతా ఇదే. ఈ గుణం పాత చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో నిండుగా ఉంది. మనం దాన్ని గుర్తించలేదనే నా బాధ.

మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు, బైరెడ్డిపల్లె మీదుగా కుప్పం చేరితే సుమారు 130 కిలోమీటర్లు. మదనపల్లె ఎత్తుకూ కుప్పం ఎత్తుకూ పెద్ద తేడా లేదు. పటం చూసినవాడు చదును దారే అనుకుంటాడు. తొక్కినవాడి లెక్క వేరు. ఒక్కో మిట్ట ఇరవై మీటర్లో, నలభై మీటర్లో ఎక్కిస్తుంది, ఆ వెంటనే దించేస్తుంది. దిగినప్పుడు పోయిన ఎత్తు ఎవరూ తిరిగివ్వరు, మళ్లీ ఎక్కి సంపాదించుకోవాలి. సాయంత్రానికి ఆ చిల్లర మొత్తం ఒక పెద్ద కొండంత అవుతుంది. ఈ దారిలోనే ఇంకో విశేషం ఉంది. మదనపల్లె వాన నీళ్లు బాహుదా నుంచి చెయ్యేరుకు, అక్కడి నుంచి పెన్నకు పోతాయి. పలమనేరు నీళ్లు కౌండిన్య గుండా పాలారుకు పోతాయి. అంటే మధ్యలో ఎక్కడో మనం రెండు నదుల గట్టు దాటుతున్నాం. కారులో కూర్చున్నవాడికి ఆ గట్టు తెలియదు. సైకిలు మీద మోకాళ్లకు తెలుస్తుంది.

మిట్ట కనిపించగానే బలమంతా పెట్టి దూసుకుపోవాలనిపిస్తుంది. దూరప్రయాణంలో అదే చేటు. మిట్ట మొదట్లోనే, పెడలు బరువెక్కకముందే చిన్న గేరుకు రావాలి. బరువు పడ్డాక మారిస్తే చైను తడబడుతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది. పెడలు నిమిషానికి అరవై, డెబ్భై చుట్లు తేలిగ్గా తిరుగుతుండాలి. పక్కనున్నవాడితో మాట్లాడగలిగేంత ఊపిరి మిగలాలి. మాట మధ్యలో తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టే. ఫ్రాన్స్‌లో ‘వెలోసియో’ పేరుతో రాసిన పాల్ ద వివీ (1853–1930) మార్చుకునే గేర్ల కోసం జీవితమంతా వాదించాడు. అప్పటి పందేలవాళ్లకు గేర్లంటే చిన్నచూపు. టూర్ ద ఫ్రాన్స్ పందెంలో, చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదానికి మార్చే డిరైలర్ గేర్లను 1937లో గానీ రానివ్వలేదు. ఆకలి కాకముందే తినమనీ, దాహం కాకముందే తాగమనీ, గొప్ప కోసం తొక్కవద్దనీ ఆయన నేర్పాడు. దూరం పోయేవాళ్లకు ఇప్పటికీ అంతకు మించిన శాస్త్రం లేదు.

ఆ శాస్త్రం మన దగ్గర పుస్తకం లేకుండానే ఉంది. గేర్లు లేని సైకిలుకు అటూ ఇటూ పాలక్యాన్లు వేలాడదీసుకుని, క్యారియర్ మీద గడ్డిమోపు కట్టుకుని ఈ మిట్టలెక్కిన రైతుల్ని చూడండి. రోడ్డు ఖాళీగా ఉంటే పాములా వంకర్లు తిరుగుతూ ఎక్కేవాళ్లు, ఏటవాలు తగ్గుతుందని. కాళ్లు బిగుసుకోకముందే దిగి నెట్టుకుంటూ నడిచేవాళ్లు. నడవడానికి వాళ్లెప్పుడూ సిగ్గుపడలేదు. గేర్ల సైకిళ్ల కుర్రాళ్లు వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది ఇదే. వంకర్లు మాత్రం ఇప్పుడు వద్దు. టమోటా పెట్టెల లారీలు ఆగకుండా తిరిగే రోడ్డిది.

తిండి సంగతి. ముందు రోజు రాత్రి రాగి సంగటి తినండి. దారిలో గంటకోసారి నాలుగు చెనిక్కాయలు, బెల్లంముక్క, అరటిపండు. ఉప్పేసిన మజ్జిగ దొరికితే వదలొద్దు. చెమటతో పోయిన ఉప్పును మంచినీళ్లు పూడ్చలేవు. మధ్యాహ్నం కడుపునిండా భోంచేస్తే మాత్రం తర్వాతి మిట్ట మీద నిద్రే.

ఎక్కడం ఓపిక. దిగడం చేతి పని. నేర్చుకోవాలంటే ఏనుగు మల్లమ్మ కొండ, అదే హార్స్‌లీ హిల్స్, ఘాట్ రోడ్డు మంచి బడి. మలుపులోకి దిగాక బ్రేకు నొక్కితే చక్రం జారుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించుకోవాలి. బ్రేకును అదేపనిగా పట్టుకోకూడదు. రిమ్ము వేడెక్కి ట్యూబు పేలే ప్రమాదముంది. నొక్కి, వదిలి, మళ్లీ నొక్కాలి. మలుపులో బయటివైపు పెడలు కిందికుండాలి, చూపు మలుపు చివరన ఉండాలి.

ఇక గాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యపు గాలి వీస్తుంది కాబట్టి మదనపల్లె నుంచి దక్షిణంగా కుప్పం వైపు పోతే వీపున తోస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి, అప్పుడు కుప్పంలో మొదలుపెట్టడం తెలివి. పలమనేరు దాటాక కౌండిన్య అభయారణ్యం ఏనుగుల చోటు. ఆ భాగాన్ని పట్టపగలే దాటాలి, దీపం ఎంత మంచిదైనా సరే. దారిలో కైగల్ జలపాతం ఉంది, వానలు పడ్డ ఏడాది ఆగి చూడండి.

ఈ యాత్రలకు ప్రపంచంలో పాత సంప్రదాయమే ఉంది. పారిస్–బ్రెస్ట్–పారిస్ 1891లో మొదలైంది. ఇప్పుడు నాలుగేళ్లకోసారి జరిగే ఆ 1,200 కిలోమీటర్ల యాత్రను 90 గంటల్లో ముగించాలి. దానికి మెట్లుగా 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు, అంటే గడువు పెట్టిన యాత్రలు, ఉంటాయి. మొదటి మెట్టుకు గడువు పదమూడున్నర గంటలు. గెలుపు వరుసలు లేవు, గడువులో చేరినవాళ్లందరూ సమానమే. మన దేశంలోనూ ఆడాక్స్ ఇండియా పేరున ఈ బ్రెవేలు జరుగుతున్నాయి. అందులో నాకు నచ్చేది ఆ సమానత్వమే.

మన మిట్టల దారి తొక్కితే వచ్చే విలువ ఏమిటంటారా? 1919లో ఠాగూర్ మదనపల్లెలో ఉండి జనగణమనను ఇంగ్లిషులోకి మార్చారని అందరం చదువుకున్నాం. పుంగనూరు పొట్టి ఆవు పేరు దేశమంతా తెలుసు. కానీ ఆ రెండు ఊళ్ల మధ్య నేల ఎన్నిసార్లు లేచి పడుతుందో, వేరుశనగ చేను ఎక్కడ మొదలై టమోటా ఎక్కడ అందుకుంటుందో, తెలుగు మాటలోకి కన్నడం, అరవం ఏ ఊరి దగ్గర చేరతాయో గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంలోనే పట్టుబడుతుంది. టీ కొట్టు దగ్గర “యాడికినా పోతా ఉండారు?” అని అడుగుతారు. కుప్పం అంటే, నీళ్ల సీసా నింపివ్వకుండా పంపరు.

రోడ్లు వేసేవారికి ఒక మనవి. తెల్లగీతకు బయట మీటరు వెడల్పు చదునైన అంచు వదలండి. పాలు పోసే రైతుకూ, బడికెళ్లే పిల్లకూ, యాత్రికుడికీ అదే ప్రాణరక్ష. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ఒక్కసారే కుప్పం దాకా పోవద్దు. ఈ చలికాలం ఒక ఆదివారం తెల్లవారాక మదనపల్లె నుంచి పుంగనూరు వెళ్లి తిరిగి రండి. రానూపోనూ సుమారు అరవై కిలోమీటర్లు. మొదటిసారికి అది చాలు.