ఏ ఫొటో వేద్దాం?

రాత్రి డెస్క్‌లో పేజీ పెట్టేటప్పుడు హడావిడిగా తేల్చేసేది ఫొటో సంగతే. వార్తలో అంకె తప్పితే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఫొటో దగ్గరికొచ్చేసరికి ‘బాగుంది, వేసెయ్’ అంటే సరిపోతుంది. ఆ మాటంటే నాకు భయం. మార్టిన్ గిలెన్స్ అనే రాజనీతి శాస్త్రవేత్త పరిశోధన చదివాక అది ఇంకా పెరిగింది.

1988 నుంచి 1992 దాకా టైమ్, న్యూస్‌వీక్, యూఎస్ న్యూస్ పత్రికలు పేదరికం కథనాలకు వేసిన ఫొటోలను ఆయన లెక్కపెట్టారు. వాటిలో కనిపించిన పేదల్లో 62 శాతం నల్లజాతివాళ్లు. నిజంగా అమెరికా పేదల్లో వాళ్లు 29 శాతమే. మొదట్నుంచీ ఇలా లేదు. 1964లో పేదరికంపై యుద్ధం ప్రకటించిన అధ్యక్షుడు జాన్సన్ కెంటకీ కొండల్లో ఒక తెల్ల కుటుంబం ఇంటి వసారాలో కూర్చున్నారు. ఆ ఏడాది ఫొటోల్లోని పేదల్లో నల్లవాళ్లు 27 శాతం. 1967కల్లా 72! మధ్యలో లాస్ ఏంజెలెస్‌లో నల్లవాళ్లు ఎక్కువగా ఉండే వాట్స్ పేటలో అల్లర్లు జరిగాయి, ఇంకొన్ని నగరాలు మండాయి. పేదల్లో నల్లవాళ్ల వాటా మాత్రం పెద్దగా మారలేదు. సంక్షేమ పథకాల మీద విమర్శలు పెరిగేకొద్దీ పత్రికల్లో పేదవాడి ముఖం నల్లబడింది.

ఇందులో ఏ ఒక్క ఫొటో అబద్ధం కాదు. నన్ను కలవరపెట్టేది అదే. మార్చిన ఫొటో అయితే దొరికిపోవచ్చు. 1994లో టైమ్ తన ముఖచిత్రంపై, హత్య కేసులో అరెస్టయిన నల్లజాతి ఫుట్‌బాల్ తార ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోలో ముఖాన్ని మరింత నల్లగా చేసింది. అదే ఫొటో ఆ వారమే న్యూస్‌వీక్ మీద ఉన్నదున్నట్టు రావడంతో తేడా అందరికీ తెలిసిపోయింది. ఏళ్ల తరబడి వచ్చిన ఫొటోలను అలా పక్కపక్కన పెట్టి చూసే పాఠకుడెవరు? సంక్షేమ సాయం అందుకునేవాళ్లలో ఎక్కువమంది నల్లవాళ్లేనని నమ్మినవాళ్లు ఆ సాయాన్నే ఎక్కువగా వ్యతిరేకించారని గిలెన్స్ చూపించారు. సాయం తగ్గితే తెల్ల పేదలు కూడా నష్టపోతారు.

నల్లవాళ్ల మీద ఫొటోలు ఇలా వేసే ముద్ర సముద్రం దాటి మన ఇళ్లలోకీ వచ్చింది. అమెరికా బయల్దేరే పిల్లలకు ‘నల్లోళ్లుండే వైపు వెళ్లకు’ అని జాగ్రత్త చెప్పే పెద్దల్లో చాలామంది ఒక్క నల్లజాతి మనిషితోనైనా మాట్లాడి ఉండరు.

అందుకే, అమెరికా నేరవార్తకు నల్లజాతి యువకుడి ఫొటో వచ్చినప్పుడు పాత పేజీలు తీయిస్తాను. నల్లజాతివాళ్లు మా పేజీలో డాక్టరుగా, పంతులమ్మగా, బిడ్డను ఎత్తుకున్న తండ్రిగా కడసారి ఎప్పుడు కనిపించారో చూడమంటాను. డెడ్‌లైన్ ముంచుకొస్తోందని కుర్రాళ్లు విసుక్కుంటారు. అయినా చూడమనే అంటాను.