సానకు కట్లు

రాళ్ల సీమలో పుట్టి సానరాయి బయట కొనుక్కోవడం మాకే చెల్లింది. కడప బండ, బేతంచెర్ల బండ ఇంటి నేలకు బాగుంటాయి గానీ రెండూ సున్నపురాయి జాతివే. వాటితో ఉక్కును అరగదీయబోతే అవే అరుగుతాయి. పదునుకు కురువిందం కావాలి. పూర్వం రత్నాలు సానబట్టేవాళ్లు దాని పొడిని లక్కతో కలిపి చక్రాలు చేసుకునేవాళ్లు. ఇప్పుడు గ్రైండర్‌కు బిగించే తెల్లచక్రం కూడా ఫ్యాక్టరీలో చేసిన కురువిందమే.

రాయి సంగతి సరే, తగువంతా దానిమీద ఉలిని పట్టే తీరులోనే. లేత్ మీద కొయ్య తిప్పడం నాకో సరదా. కర్నూలులో మంచం కోళ్లు, మెట్ల కటకటాలు తీసే ఒక మేస్త్రీ దగ్గర అప్పుడప్పుడూ కూర్చుంటాను. గ్రైండర్‌కు, ఉలిని ఒకే కోణంలో పట్టి ఉంచే జిగ్ పెట్టుకున్నానంటే ఆయన నవ్వాడు. "యాలప్పా ఆ కట్లు? చెయ్యి ఇరిగినోనికి గదా కట్టు కట్టేది!"

ఆయన చేతికి నిజంగానే అక్కర్లేదు. ఉలి మడమను ముందు చక్రానికి ఆనిస్తాడు. నిప్పురవ్వలు అంచు మీదుగా దూకేదాకా పిడి ఎత్తి, మణికట్టుతో ఒక్క తిప్పు. అంతే.

వడ్రంగి చదును ఉలికి ఒకటే వాలు. గాడి ఉన్న గౌజ్‌కు అలా కాదు, ముక్కు గుండ్రం, పక్కలు వంపు. జిగ్‌లో ముందుకూ వెనక్కూ జరిగే ఒక కమ్మీ, దాని చివర వి ఆకారపు గుంట ఉంటాయి. ఉలిని బిగించిన చట్రం కాలు ఆ గుంటలో ఆని అటూ ఇటూ ఊగుతుంది. చక్రానికీ గుంటకూ మధ్య దూరం, చట్రం నుంచి ఉలి పొడుచుకొచ్చిన పొడవు, కాలు వంపు, ఈ మూడూ మారకుండా ఉంటే అమెరికా టర్నర్ డేవిడ్ ఎల్స్‌వర్త్ పేరుతో చలామణి అయ్యే, రెక్కలు వెనక్కి వాల్చిన ముక్కు కూడా నాబోటివాడికి కుదురుతుంది. కోణం ఎంతన్నది మాత్రం జిగ్ చెప్పదు. కోళ్ల పనికి 35 డిగ్రీల దాపు, గిన్నె తొలచడానికి 55 దాపు నేను పెట్టుకున్నవి.

నేను జిగ్ పక్షం వహించేది అందం కోసం కాదు, వేడి తగ్గించడం కోసం. ఏటికొప్పాక బొమ్మల వాళ్లకు మెత్తటి అంకుడు కర్ర ఉంది. మాకు దొరికేది వేప, నల్లతుమ్మ. ఎండిన తుమ్మ దగ్గర ఉలి మాటిమాటికీ సానకు రావాల్సిందే. మేస్త్రీ ఉలులేమో లారీ కమాను పట్టీలతో కమ్మరి చేసినవి. నిమిషానికి 2,800 చుట్లు తిరిగే చక్రం మీద కాసేపు ఎక్కువ ఆనితే అంచు నీలం తిరుగుతుంది. 300 డిగ్రీల దాకా పోయిందన్నమాట, పెట్టిన నీరు పోయినట్టే. హైస్పీడ్ స్టీల్ 500 దాటినా ఓర్చుకుంటుంది, ఇది ఓర్చదు. చెయ్యి తిరగనివాడు పట్టిన ప్రతిసారీ కొత్త వాలు పుడుతుంది, ఆ మేరకు ఉక్కు పోతుంది, అంచు కాగుతుంది. పాత వాలే దొరికితే తేలిగ్గా రెండుసార్లు తాకిస్తే చాలు. దొరికిందో లేదో చూడటానికి వాలుకు మార్కర్ సిరా పూసి చక్రాన్ని చేత్తో తిప్పుతాను. మడమ నుంచి అంచుదాకా సిరా చెరిగితే సరిపోయినట్టు.

మేస్త్రీ ఇప్పటికీ జిగ్ కొనలేదు. పొడవు కొలతకు నేను వాడే చెక్కముక్కను మాత్రం తిప్పితిప్పి చూసి, కొత్తగా పనికి చేరిన పిల్లవాడికి అలాంటిదే ఒకటి చేసిచ్చాడు. ఇస్తూ, జిగ్ కమ్మీ మీద దూరానికి నేను గీసుకున్న గుర్తు చూపించి, నేను ఎన్నడూ ఆలోచించని సంగతి అడిగాడు: "చక్రం అరిగి చిన్నదైతే ఈ గుర్తు యాడ పనికొస్తాది? మళ్లా గీసుకోవల్ల గదా?"